బోర్డు గేటు లోపల.. బంకు గేటు బయట

ఆసుపత్రుల్లో పొగ నిషేధానికి ఇరవై ఏళ్లు దాటినా తీరని చిక్కులు
మానేయాలనుకునే రోగికి చేయూత ఏదీ?

నంద్యాల, ఆళ్లగడ్డ: ఆసుపత్రి ఆవరణలో పొగతాగడం నేరమని చెప్పే బోర్డును చూడనివారు ఉండరు. ఆ బోర్డు చూసి బీడీ ఆర్పేసేవారూ ఉంటారు, చెట్టు చాటుకు జరిగేవారూ ఉంటారు, గేటు దాటి బంకు దగ్గర నాలుగు దమ్ములు లాగి మళ్లీ లోపలికి వచ్చేవారూ ఉంటారు. ఒక్క నంద్యాల జిల్లా అనేముంది, రాష్ట్రంలో ఏ మూల ప్రభుత్వాసుపత్రికి వెళ్లినా దాదాపు ఇదే తంతు. నిషేధం ఉందా అంటే ఉంది. అమలవుతోందా అంటే గోడ మీద అమలవుతోంది.

ఆయాసంతోనో, గుండెనొప్పితోనో, ఎంతకీ మానని కాలి పుండుతోనో మంచం పట్టిన మనిషి నాలుగైదు రోజులపాటు పొగాకుకు దూరంగా ఉండే అవకాశం ఆసుపత్రిలోనే దొరుకుతుంది. ఇంటి దగ్గర అంతటి భయమూ ఉండదు, అంతటి కట్టడీ ఉండదు. ఆ నాలుగు రోజులను వైద్య వ్యవస్థ ఎలా వాడుకుంటోంది, ఇంటికి పంపించాక ఆ మనిషిని ఎవరు కనిపెట్టుకుని ఉంటున్నారు అన్నది బోర్డు కంటే పెద్ద ప్రశ్న. 2022 ఏప్రిల్‌ 4న జిల్లా కేంద్రమై, మరుసటి ఏడాది ప్రభుత్వ వైద్య కళాశాలనూ తెచ్చుకున్న నంద్యాలకు ఈ ప్రశ్న ఒక రూపంలో ఎదురవుతుంది. జాతీయ రహదారిపై సుమారు నలభై కిలోమీటర్ల అవతల రుద్రవరం, చాగలమర్రి, ఉయ్యాలవాడ, దొర్నిపాడు, శిరివెళ్ల పల్లెలకు కూడలి అయిన ఆళ్లగడ్డకు మరో రూపంలో ఎదురవుతుంది.

వరండాలో నేరం.. చెట్టు కింద?

పొగ నిషేధం ఒక్కరోజులో వచ్చింది కాదు. 1999 జులైలో కేరళ హైకోర్టు బహిరంగ ధూమపానం చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. మురళీ దేవరా వేసిన వ్యాజ్యంపై 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆసుపత్రి భవనాలు, ఆరోగ్య సంస్థలు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, న్యాయస్థానాలు, ప్రజా రవాణా వాహనాల్లో ధూమపానాన్ని నిషేధించాలని ఆదేశించింది. ఆ తర్వాత 2003లో పార్లమెంటు సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టాన్ని చేసింది. బహిరంగ స్థలాల్లో పొగ కూడదన్నది అందులోని 4వ సెక్షన్‌.

ఆ చట్టంలోనే ఒక మెలిక ఉంది. బహిరంగ స్థలం అంటే ఏమిటో చెబుతూ ఆసుపత్రి భవనాలను జాబితాలో చేర్చిన నిర్వచనం, చివర్లో ‘ఆరుబయలు ఇందులోకి రాదు’ అని ఒక ముక్క తగిలించింది. వార్డు వరండాలో తాగితే నేరమే. పదడుగుల అవతల వేపచెట్టు కింద తాగితే? 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు ఈ మెలికను చాలావరకు విప్పాయి. ప్రజలు వచ్చిపోయే ఆరుబయలు ప్రేక్షకశాలలు, క్రీడా మైదానాలు, రైల్వేస్టేషన్లు, బస్టాండ్లు, అలాంటి ఇతర ప్రదేశాలకు ఆరుబయలు మినహాయింపు వర్తించదని తేల్చాయి. ఆసుపత్రి ఆవరణ పేరు మాత్రం విడిగా రాయలేదు. ‘అలాంటి ఇతర ప్రదేశాలు’ అన్న మాటలోనే దాన్ని వెతుక్కోవాలి. నిత్యం వందలాది మంది వచ్చిపోయే ఆవరణ ఆ మాటకిందకు రాదని వాదించడం కష్టమే గానీ, చలానా పుస్తకం పట్టుకుని నిలబడ్డ చిన్న ఉద్యోగికి, ‘ఇది ఆరుబయలు కదా సార్‌’ అని ఎదురు తిరిగిన మనిషికీ మధ్య ఈ పాటి సందు చాలు. చట్టాల్లో సందులు ఎక్కడున్నాయో చదువుకున్నవాళ్ల కంటే బంకు దగ్గర నిలబడేవాళ్లకే బాగా తెలుస్తుంది.

స్కాట్లాండ్‌లో ఈ గందరగోళం లేకుండా చేశారు. అక్కడ 2022 సెప్టెంబరు నుంచి ఆసుపత్రి భవనానికి 15 మీటర్ల లోపు ఎవరు పొగతాగినా నేరం. చెట్టు కిందా, వరండాలోనా అన్న వాదనకే తావు లేదు, కొలత ఉంది. మన దగ్గర ఆ కొలతను చట్టం ఇవ్వకపోయినా, ప్రహరీ లోపలిదంతా నిషేధిత ప్రాంతమేనని ఆసుపత్రి అధికారి గేటు దగ్గరే ప్రకటిస్తే సరిపోతుంది. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

2008 నిబంధనలు మరో రెండు మాటలు చెప్పాయి. వీటిని బోర్డులు రాయించేవారు తరచూ మరిచిపోతుంటారు. బోర్డు కనీసం 60 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ఎవరైనా పొగతాగుతుంటే ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ వ్యక్తి పేరును అందరికీ కనిపించేలా ప్రదర్శించాలి. ఫిర్యాదు అందినా ఆ బాధ్యుడు కదలకపోతే, జరిగిన ఉల్లంఘనలు ఎన్నో అన్నింటికి సమానమైన జరిమానా ఆయనే కట్టాలి. పేరు లేని బోర్డు సగం బోర్డే. రోగి భార్యకు వార్డు పక్కన పొగ కమ్ముకుంటే ఆమె ఎవరిని అడగాలి? సిస్టరమ్మనా, గేటు దగ్గరి సెక్యూరిటీ అతన్నా, సూపరింటెండెంటునా? పేరుంటే అడుగుతుంది, లేకుంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది.

ఇక జరిమానా. పొగతాగినవారికి గరిష్ఠంగా రూ.200. 2003లో అది ఒక కూలి మనిషికి రెండు మూడు రోజుల సంపాదన. నేడు ఒక పూట కూలి కూడా కాదు. పొరుగున ఉన్న కర్ణాటక చట్ట సవరణ చేసి 2025లో దీన్ని రూ.1,000కి పెంచింది, పొగాకు కొనే కనీస వయసును 18 నుంచి 21కి మార్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ పెంచాలనే మాట వినిపించవచ్చు. అయితే ప్రభుత్వాసుపత్రిలో జరిమానా పడేది ఎవరి మీదనో కూడా చూడాలి. కార్పొరేట్‌ ఆసుపత్రికి కారులో వెళ్లేవారు ఇక్కడి ఓపీ క్యూలో నిలబడరు. ఇక్కడ దొరికేది బస్సు చార్జీలకు లెక్క చూసుకునే మనిషి. వెయ్యి రూపాయలు రాస్తే ఆ రోజు మందులు ఆగుతాయి, బీడీ ఆగదు.

నూరు గజాల లెక్క

గేటు బయటి బంకు సంగతికి వస్తే నంద్యాలకూ, ఆళ్లగడ్డకూ తేడా కనిపిస్తుంది. విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదని 2003 చట్టంలోని 6వ సెక్షన్‌ చెబుతోంది. ఆసుపత్రికి 100 గజాల లోపు అమ్మకూడదని మాత్రం ఎక్కడా లేదు. బడి పిల్లవాడిని బంకు నుంచి కాపాడాలనుకున్న చట్టానికి, ఊపిరితిత్తుల రోగిని కూడా కాపాడాలన్న ఆలోచన రాలేదు. ఆసుపత్రి ప్రహరీకి ఆనుకుని ఉన్న బంకులో బీడీలు అమ్మడం చట్టప్రకారం తప్పు కాదు.

కానీ నంద్యాలలో 2023-24 విద్యాసంవత్సరంలో 150 ఎంబీబీఎస్‌ సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అప్పటివరకు జిల్లా ఆసుపత్రిగా ఉన్నది దాని బోధనాసుపత్రి అయింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఉన్నత విద్యాసంస్థలన్నీ 6వ సెక్షన్‌ కిందకు వస్తాయి. వైద్య విద్యార్థులకు వార్డే తరగతి గది. రోగి మంచం పక్కనే పాఠం జరుగుతుంది. ఆ లెక్కన బోధనాసుపత్రి ప్రహరీ నుంచి 100 గజాలు కొలవాలని అడగడానికి బలమైన ఆధారమే ఉంది. కొలత ప్రహరీ గోడ అంచు నుంచి మొదలవుతుంది కాబట్టి ఆసుపత్రి ఎదుటి వరుస అంతా అందులోకి వస్తుంది. పట్టణ సమీపంలో అంతకుముందు నుంచే ఉన్న ప్రైవేటు వైద్య కళాశాల ఆసుపత్రికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. మున్సిపల్‌ అధికారులు, పోలీసులు కలిసి ఒక్కసారి టేపు పట్టుకుంటే తేలిపోయే విషయమిది.

ఆళ్లగడ్డ ప్రభుత్వాసుపత్రికి ఈ వెసులుబాటు లేదు. అక్కడ వైద్య కళాశాల లేదు కాబట్టి దగ్గరలో బడి ఏదైనా ఉంటే తప్ప నూరు గజాల నిబంధన పనిచేయదు. మిగిలింది మున్సిపాలిటీ చేతిలోని వ్యాపార లైసెన్సులు, రోడ్డు మార్జిన్‌ ఆక్రమణల నియంత్రణ. ఆసుపత్రి ముందు టీ, టిఫిను, పండ్లు అమ్ముకునే చిరు వ్యాపారిని లేపేయడం ఎవరికీ ఇష్టం ఉండదు, లేపేయనూ కూడదు. రోగి బంధువులకు ఆ కొట్లే ఆసరా. లైసెన్సు షరతుల్లో పొగాకు అమ్మరాదన్న ఒక్క వాక్యం చేర్చే దారి ఉంటే, పొట్ట కొట్టకుండానే పని జరుగుతుంది.

సహాయకుడి జేబులో బీడీకట్ట

ఆసుపత్రి ఆవరణలో పొగతాగేది రోగులే అనుకుంటే పొరపాటు. ప్రసూతి వార్డు బయట భర్త, శస్త్రచికిత్స గది బయట తమ్ముడు, అత్యవసర విభాగం మెట్ల మీద తండ్రి. పల్లె నుంచి ఒక రోగి వస్తే వెంట ముగ్గురు నలుగురు వస్తారు. లోపలికి రానివ్వరు, కూర్చోవడానికి బల్ల ఉండదు, లోపల ఏం జరుగుతోందో చెప్పేవారు ఉండరు. రాత్రంతా జాగారం. అప్పుడు చేయి తనంతట తానే జేబులోకి పోతుంది. దాన్ని అలవాటు అనండి, దిగులు అనండి. ఆ మనిషిని చలానాతో బెదిరించడం కంటే కూర్చోవడానికి నీడ, తాగడానికి నీళ్లు, గంటకోసారి ‘మీ అమ్మకు బాగానే ఉంది’ అనే ఒక మాట ఇస్తే ఆవరణలో పొగ సగం తగ్గుతుంది. ఇది పొగాకు నియంత్రణ చట్టంలో లేదు, ఆసుపత్రి నడిపే పద్ధతిలో ఉంది.

సహాయకుడు తాగే పొగ వార్డులోకి రాకుండా ఉండదు. కిటికీ కింద వెలిగిన బీడీ పొగ పైఅంతస్తు బాలింతకు చేరుతుంది. పక్కవారు వదిలే పొగ పీల్చిన గర్భిణులకు తక్కువ బరువుతో బిడ్డలు పుట్టే ముప్పు ఎక్కువని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. దీనికి తోడు కొవిడ్‌ తర్వాత ప్రభుత్వాసుపత్రుల్లో ప్రాణవాయువు ప్లాంట్లు, గొట్టపు లైన్లు బాగా విస్తరించాయి. ఆక్సిజన్‌ ఉన్నచోట నిప్పురవ్వ ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఈ ఒక్క కారణం చెప్పినా చాలామంది మొండికేయకుండా బీడీ ఆర్పేస్తారు. అహోబిలం కొండకు వెళ్లే భక్తుడు గుడి మెట్ల దగ్గర బీడీ పారేయడానికి ఎవరూ చలానా రాయనక్కరలేదు కదా. కారణం మనసుకు పట్టాలి.

పొగాకు పండే నేల.. రాయి చెక్కే ఊరు

నంద్యాల ప్రాంతానికీ పొగాకుకూ సంబంధం పాతది. 1906లో ఏర్పాటైన నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం పత్తి, జొన్న, శనగలతో పాటు బీడీ పొగాకు, నాటు పొగాకు రకాల మీద కూడా పరిశోధన చేసింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల వర్జీనియా పొగాకు వేలం కేంద్రాలకూ, విదేశీ ఎగుమతులకూ పోతుంది. ఇక్కడిది అలా కాదు, ఇది బీడీలోకి, చుట్టలోకి వెళ్లే పొగాకు. అంటే మనవాడు పండించి, మనవాడే కాల్చేది. విచిత్రమేమిటంటే ఆ పరిశోధన స్థానం భూముల్లోంచే 50 ఎకరాలు వైద్య కళాశాలకు కేటాయించారు. పరిశోధన భూములు ఇవ్వొద్దని రైతు సంఘాలు అప్పట్లో ఆందోళన చేశాయి, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. పొగాకు విత్తనం మీద పరిశోధన చేసిన సంస్థ భూమి, పొగాకు రోగాలను నయం చేసే వైద్యులను తయారుచేసే చోటుగా మారింది.

బీడీ గురించి పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. సిగరెట్‌ కాగితం చెడ్డది, బీడీ ఆకు కాబట్టి చలవ అని. అది తప్పు. తునికాకు గుండా గాలి సరిగా ఆడదు. లాగకపోతే ఆరిపోతుంది. అందుకే సిగరెట్‌ కంటే బీడీని ఎక్కువసార్లు, గట్టిగా పీలుస్తారు. ఫిల్టరు ఉండదు. పొగాకు తక్కువే ఉన్నా లోపలికి పోయే నికోటిన్‌, తారు, కార్బన్‌ మోనాక్సైడ్‌ తక్కువ కావు. 2016-17లో జరిగిన జాతీయ వయోజన పొగాకు సర్వే ప్రకారం దేశంలో సిగరెట్‌ తాగే పెద్దలు 4 శాతం, బీడీ తాగేవారు 7.7 శాతం. నమిలే పొగాకుదే పైచేయి అయిన ఉత్తరాది రాష్ట్రాలతో పోలిస్తే ఆంధ్రప్రదేశ్‌లో పొగతాగేవారి వాటానే ఎక్కువ. అయినా సర్కారు లెక్కల్లో బీడీ మీద కనికరం తగ్గలేదు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సిగరెట్లు, గుట్కాలను 40 శాతం శ్లాబులో పెట్టాలని నిర్ణయించి, బీడీ పన్నును మాత్రం 28 నుంచి 18 శాతానికి దించాలని తీర్మానించింది. బీడీ కార్మికుల బతుకుదెరువు కోసమన్నది వాదన. కాల్చేవాడి ఊపిరి సంగతి ఆ లెక్కలో లేదు.

ఆళ్లగడ్డకు మరో బెడద ఉంది. దేవతా విగ్రహాలు చెక్కే శిల్పులకు ఈ ఊరు పెట్టింది పేరు. ఇక్కడి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఉలి, సుత్తి స్థానంలో విద్యుత్‌ కటింగ్‌, గ్రైండింగ్‌ యంత్రాలు వచ్చాక పని వేగం పెరిగింది, ధూళీ పెరిగింది. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు నాపరాళ్ల గనుల్లో, పాలిష్‌ ఫ్యాక్టరీల్లో పనిచేసేవారిదీ ఇదే పరిస్థితి. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే తిరిగి బయటకు రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్‌ పరిశోధన సంస్థ 1997లోనే దాన్ని క్యాన్సర్‌ కారకాల జాబితాలో చేర్చింది. సిలికోసిస్‌ ఉన్నవారికి క్షయ త్వరగా సోకుతుంది. పొగతాగేవారికి క్షయ ముప్పు రెండు రెట్లకు పైగా ఎక్కువ. ఈ రెండూ ఒకే మనిషిలో కలిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ధూళిని ఆపడం యజమాని చేతిలో ఉంది, బీడీని ఆపడం కార్మికుడి చేతిలో ఉంది అని తేలిగ్గా అనేస్తాం. అతనికి ఒంటరిగా అది చేతకాదు.

మూడు రోజుల గండం

చేతకాకపోవడానికి మనసు బలహీనత ఒక్కటే కారణం కాదు. పొగ పీల్చిన కొద్ది సెకన్లలోనే నికోటిన్‌ మెదడుకు చేరుతుంది. ఏళ్ల తరబడి దానికి అలవాటు పడిన మెదడు, అది అందకపోతే ఎదురు తిరుగుతుంది. చిరాకు, నిద్రలేమి, ఆకలి, ఏ పనిమీదా మనసు నిలవకపోవడం. మానేసిన మొదటి రెండు మూడు రోజులు ఈ బాధ పరాకాష్ఠకు చేరుతుంది. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో క్రమంగా సన్నగిల్లుతుంది. ఏ సాయమూ లేకుండా, కేవలం పట్టుదలతో మానేసినవారిలో ఏడాది తర్వాత కూడా నిలబడేది నూటికి ముగ్గురు నుంచి ఐదుగురే. మిగిలినవారు మళ్లీ మొదలుపెడతారు. ఇంట్లోవాళ్లు ‘నీ మాట నీటి మీద రాత’ అంటారు.

ఆసుపత్రిలో చేరిన రోగి ఆ గండమైన మూడు రోజులను మంచం మీదే గడిపేస్తాడు. సెలైన్‌, మందులు, నర్సుల మధ్య అది జబ్బు తాలూకు చిరాకులో కలిసిపోతుంది. అప్పుడు డాక్టరు మూడు నిమిషాలు కేటాయించి, బీడీ తాగుతావా, ఎన్ని, పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తావు, మానేయాలని ఉందా అని అడిగితే రోగి మనసు ఆ మాటకు తెరుచుకుంటుంది. అదే సర్వేలో దేశంలో పొగతాగేవారిలో 55 శాతానికి పైగా మానేయాలనే ఆలోచన ఉందని తేలింది. వైద్యుల దగ్గరకు వెళ్లిన వారిలో మానేయమని సలహా అందుకున్నది మాత్రం సగం కంటే తక్కువ. ‘బీడీలు మానెయ్‌ పెద్దాయనా’ అని గదమాయించి వెళ్లిపోవడం కూడా సలహా కిందే లెక్క పడి ఉంటుంది. సలహాకూ సాయానికీ చాలా తేడా ఉంది.

సాయం అంటే మందు కూడా. నికోటిన్‌ గమ్‌ 2 మిల్లీగ్రాములది మందుల షాపుల్లో డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతుంది. 4 మిల్లీగ్రాములదానికి చీటీ కావాలి. దీన్ని వాడే తీరు ఎవరూ చెప్పకపోవడంతో చాలామంది తమలపాకులా గబగబా నమిలి ఉమ్ము మింగేస్తారు, కడుపులో తిప్పుతుంది, గమ్‌ పడలేదంటూ పారేస్తారు. కాసేపు నమిలి, ఘాటు తెలియగానే దవడ పక్కన ఉంచుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు వాడి మెల్లగా తగ్గించుకుంటూ పోవాలి. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. నికోటిన్‌ ప్రత్యామ్నాయ చికిత్సను 2022లో జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చారు. వరెనిక్లిన్‌, బుప్రోపియాన్‌ మాత్రలు కూడా ఉన్నాయి, అవి వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి. ఈ-సిగరెట్‌ పట్టుకుంటే బీడీ మానొచ్చని పట్టణ కుర్రాళ్లలో ఒక ప్రచారం ఉంది. వాటిని 2019లోనే దేశమంతటా నిషేధించారు.

ఫోన్‌ సాయమూ ఉంది. 2016లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్‌ పటేల్‌ ఛాతీ వ్యాధుల సంస్థలో మొదలైన జాతీయ పొగాకు విరమణ సహాయవాణి 1800-11-2356. ఇది టోల్‌ఫ్రీ. దక్షిణాది భాషల వారి కోసం బెంగళూరు నిమ్హాన్స్‌లో ప్రాంతీయ కేంద్రం పెట్టారు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. 2018 సెప్టెంబరు నుంచి ఈ నంబరును పొగాకు ప్యాకెట్లపై ముద్రించడం తప్పనిసరి చేశారు. ఆలోచన మంచిదే గానీ పల్లె బంకుల్లో అమ్మకం ఎలా సాగుతుందో చేసినవారికి తెలిసినట్టు లేదు. ఇక్కడ సిగరెట్‌ విడిగా ఒకటో రెండో కొంటారు. ప్యాకెట్‌ బంకు అరలోనే ఉండిపోతుంది, నంబరు బంకువాడికే కనిపిస్తుంది. బీడీకట్ట మీది చిన్న కాగితం మీద అచ్చయిన నంబరును చత్వారం వచ్చిన కూలి మనిషి చదవగలడా? ప్యాకెట్‌ మీద కనిపించని ఆ నంబరు ఓపీ చీటీ మీద, వార్డు గోడ మీద, మందులిచ్చే కిటికీ దగ్గర పెద్ద అక్షరాల్లో ఉంటే కనిపిస్తుంది. కొత్తగా ఖర్చయ్యేది రబ్బరు స్టాంపుకే.

చీటీ చేతికిచ్చాక

ఆసుపత్రిలో మొదలుపెట్టిన సాయం ఎంతవరకు పనిచేస్తుందన్న దానిపై ప్రపంచవ్యాప్తంగా పదుల సంఖ్యలో జరిగిన అధ్యయనాలను కాక్రేన్‌ సంస్థ 2012లో క్రోడీకరించింది. వార్డులో మాట్లాడి వదిలేస్తే పెద్దగా ఫలితం లేదు. డిశ్చార్జి తర్వాత కనీసం నెల రోజులపాటు ఫోన్‌ చేసో, కలిసో వెన్నంటి ఉంటే మానేసేవారి సంఖ్య మూడింట ఒక వంతుకు పైగా పెరిగింది. కెనడాలోని ఒట్టావా విశ్వవిద్యాలయ హృద్రోగ సంస్థ 2002లో ఇలాంటి పద్ధతినే మొదలుపెట్టి, చేరిన ప్రతి రోగినీ పొగాకు గురించి అడగడం, మందు ఇవ్వడం, ఇంటికెళ్లాక ఫోన్లు చేయడం నిత్యకృత్యం చేసింది. ఆ పద్ధతి అమలైన ఆసుపత్రుల్లో రోగులు మళ్లీ చేరడమూ, మరణాలూ తగ్గినట్టు తర్వాతి అధ్యయనాలు చూపాయి.

కెనడా డబ్బు మనకు లేదనేది నిజమే. కానీ వెన్నంటి ఉండే మనుషులు మనకు ఉన్నారు, కెనడా కంటే ఎక్కువగానే ఉన్నారు. ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారి దగ్గరా ఆశా కార్యకర్త నింపే ఆరోగ్య పరిశీలన పత్రంలో పొగతాగడం, గుట్కా, ఖైనీ గురించి ప్రశ్న ఉంది. అంటే ఉయ్యాలవాడలోనో, రుద్రవరంలోనో ఎవరు తాగుతారో ఆరోగ్య శాఖ కాగితాల్లో నమోదవుతోంది. క్షయ రోగి ఇంటికి ఆరు నెలలపాటు సిబ్బంది వెళుతూనే ఉంటారు. క్షయ, పొగాకు నియంత్రణలను కలిపి నడపాలని కేంద్రం 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. గ్రామ ఆరోగ్య క్లినిక్కులు, ఏఎన్‌ఎంలు, రక్తపోటు, షుగరు మందులు ఇంటికి చేర్చే వ్యవస్థ ఉంది. లేనిదల్లా నంద్యాల వార్డుకూ ఆ ఆశా కార్యకర్తకూ మధ్య ముడి. పెద్దాసుపత్రిలో గుండెజబ్బుకు చికిత్స పొంది, బీడీ మానేస్తానని ఒప్పుకుని చాగలమర్రి బస్సెక్కిన మనిషి, మానేసి ఐదో రోజున ఉన్నాడన్న సంగతి అతని ఊళ్లో ఏఎన్‌ఎంకు తెలిసే మార్గం ఉండాలి. ఆయన బస్సు దిగేసరికి సావాసగాళ్లు రచ్చబండ దగ్గరే ఉంటారు. వాళ్లు ‘ఒక్కటే లేరా’ అని ఇచ్చేలోపు ఆమె వెళ్లి పలకరించాలి.

ఆళ్లగడ్డ ఆసుపత్రి పాత్ర ఇక్కడే మొదలవుతుంది. నంద్యాలలో చికిత్స పొందినవారు మళ్లీ చూపించుకోవడానికి, మందులు తెచ్చుకోవడానికి ఎక్కువగా వచ్చేది దగ్గరి ఆసుపత్రికే. బోధనాసుపత్రికి మానసిక వైద్య విభాగం తప్పనిసరి కాబట్టి, విరమణ చికిత్స మొదలుపెట్టే బాధ్యత నంద్యాలది. గమ్‌ అయిపోతే ఇచ్చి, తడబడ్డవారిని మళ్లీ దారిలో పెట్టే బాధ్యత ఆళ్లగడ్డది. వారానికి ఒక పూట, ఒక నర్సు, ఒక ఫోను, ఒక రిజిస్టరు. అంతకు మించి కావలసింది లేదు. శిల్పుల వీధికి, నాపరాళ్ల ఫ్యాక్టరీలకు ఊపిరితిత్తుల పరీక్షా శిబిరాలు పెట్టినప్పుడు ఇదే రిజిస్టరును వెంట తీసుకుపోవచ్చు.

జిల్లాలో పొగాకు నియంత్రణ కార్యక్రమానికి కలెక్టరు అధ్యక్షతన సమన్వయ సంఘం ఉంటుంది. పోలీసు, విద్య, ఆరోగ్య, మున్సిపల్‌ శాఖలు అందులో కూర్చుంటాయి. అక్కడ ఎప్పుడూ ముందుకు వచ్చేది ఎన్ని చలానాలు రాశారన్న లెక్క. ఎంతమంది రోగులను అడిగారు, ఎంతమందికి గమ్‌ ఇచ్చారు, నెల తర్వాత ఎంతమందిని పలకరించారు, వారిలో ఎవరు నిలబడ్డారు అన్న నాలుగు గడులను ఆ నివేదికలో చేర్చడానికి అమరావతి నుంచో, ఢిల్లీ నుంచో జీవో రానక్కరలేదు, విజయవాడ దాకా ఫైలు కదలనక్కరలేదు. నంద్యాలలో ఇంటికి పంపే రోగి చేతిలో పెట్టే డిశ్చార్జి చీటీలో మందుల పేర్లు, మళ్లీ రావలసిన తేదీ ఉంటాయి. ఆ తేదీ కింద పొగాకు మానేసిన తేదీ, సహాయవాణి నంబరు, ఆయన ఊరి ఏఎన్‌ఎం పేరు రాయడానికి ఒక వరుస చోటు సరిపోతుంది.